పదకొండు సెంటీమీటర్లు

పైసందూలో రాత్రి రెండయింది.
కిటికీ అవతల ఉరుగ్వే నది ఉంది, వాన చాటున.
నా తెర మీద అది పెట్టెలూ బాణాలుగా పారుతోంది.
రేవు స్తంభం దగ్గర పుట్టిన అంకె
ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి జారి
వడగట్టుకుని, తేదీ ముద్ర వేయించుకుని
చివరి బాణం కొసన సైరనుకు చేరాలి.

వారం కిందట బిగించాం ఈ కొత్త ప్రవాహాన్ని.
విడదీసే పెట్టె ఉంది, కలిపే పెట్టె ఉంది,
తప్పొస్తే పక్కకు నెట్టే పెట్టె కూడా.
మా నది లెక్క తెలిసిన పెట్టె మాత్రం ఎవరూ అమ్మరు.
అందుకే మధ్యలో ఒక ఖాళీ పెట్టె:
నీ స్క్రిప్టు నువ్వే రాసుకో అంటుంది.

నేను రాసింది నాలుగు వరుసలు.
మొదటి వరుసలోనే పిలిచాను
వాషింగ్టన్ బిదెగాయిన్ మాడ్యూల్ని.
(మా తాతల కాలంలో అలాంటి పేర్లు పెట్టేవారు.
ఆయన ఈ తీరం దాటి ఎరగడు.)

"ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరు" అంది పెట్టె.
ఏ డిస్కు, ఏ ఫోల్డరు, ఏ మూల,
దారంతా రాసిచ్చాను.
ఈసారి గుమ్మం దాటనిచ్చింది, కూర్చోనివ్వలేదు.
మాడ్యూల్ వెంట వచ్చిన గణితం లైబ్రరీ
సీ భాషలో కరిగించి పోసిన ఇనుము.
ఈ పెట్టె పొట్ట జావాది.
అరగదు, పొమ్మంది.

అరువు సొమ్ము బరువు చేటు.
సొరబుర్రలో మాతే చల్లారిపోయింది.
ఫైలు తెరిచి కూర్చున్నా.
మూడొందల వరుసల్లో నాకు కావలసినవి ముప్పై;
కూడికలు, తీసివేతలు, కాస్త ఓపిక.
ఇనుము ఊడదీసి చేత్తో అల్లుకుంటూ వస్తుంటే
రెండొందల పన్నెండో వరుస పైన
ఒక మనిషి గొంతు:

"ఇక్కడ పదకొండు సెంటీమీటర్లు తీసెయ్యి.
వరదకి స్తంభం కుంగింది.
మోకాలి లోతు నీళ్లలో నిలబడి కొలిచాను.
చెరపకు. అనుమానమొస్తే ఫోన్ చెయ్."
పక్కనే నంబరు.

తెర మీద నది ఏడు మీటర్ల ఆరు.
ఏడు దాటితే సైరను.
పల్లపు వాడలో నూట నలభై గుమ్మాలు,
లారీలకెక్కే మంచాలు, కుక్కలు, గ్యాసు సిలిండర్లు,
దోన్యా ఎర్మెలిందా కుట్టుమిషను.
పదకొండు తీసేస్తే ఆరు తొంభై ఐదు.
అందరూ పడుకోవచ్చు.
నా చెయ్యి మౌసు మీద ఉంది, కదలదు.

ఒక్క రింగుకే ఎత్తాడు.
"వాన పడితే నాకు నిద్రుండదు, చెప్పు."
పదకొండేనా అని అడిగాను.
"అప్పటికి పదకొండు" అన్నాడు.
కొంచెం ఆగి,
"ఈ మధ్య స్తంభం మొహం చూశావా, అమ్మాయ్?"

చూడలేదు.
నేను చూసింది పెట్టెల్నీ, బాణాల్నీ.

కాపలా ఎల్విదియోని లేపాను.
పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు;
ఒక కొస కస్టమ్స్ గోడ మీది ఇత్తడి గుర్తు దగ్గర అతను,
రెండో కొస స్తంభం దగ్గర నేను, తొడల దాకా నదిలో.
పళ్ల మధ్య టార్చి.
నీళ్లు నీళ్లతో మట్టం చూసుకుని ఆగాయి.
మూడుసార్లు కొలిచాం.
పదమూడు.

తడి బట్టలతోనే వచ్చి
ఒక్క అంకె మార్చాను.
పెట్టె ఈసారి కిక్కురుమనలేదు.
ప్రవాహం కదిలింది.

తెల్లారి ఆరింటికి నది
ఆరు తొంభై తొమ్మిది దగ్గర నిలబడి
ఏదో మరిచిపోయినట్టు
వెనక్కి మళ్లింది.
వాడలో ఎవరో రేడియో పెట్టారు.

రెండొందల పన్నెండో వరుస పైన
ఆయన మాటల్ని అలాగే ఉంచాను.
కింద నావి చేర్చాను:
"ఈ రాత్రికి పదమూడు. నేలిదా ఎచెవెర్రీ.
నన్ను నమ్మకు.
గొట్టం మెట్ల కింద బీరువాలో ఉంది."